కాళ్ళకు నీరు దిగితే ముందు వెతకాల్సింది గండిని

విజయవాడ బీసెంట్ రోడ్డు చీరల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు రాత్రి ఇంటికెళ్ళి పట్టీలు తీస్తే చీలమండ చుట్టూ గాడి కనిపిస్తుంది. పొద్దున వదులుగా జారిన పట్టీ సాయంత్రానికి బిగుసుకుంటుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కూర్చున్నచోటి నుంచి కదలకుండా కాయలకు తొడిమలు తీసే కూలీలదీ, హైదరాబాదు బస్సు నడిపి నెహ్రూ బస్టాండులో దిగిన డ్రైవరుదీ అదే మాట: ‘కాళ్ళకు నీరు దిగింది.’ ఆ మాట చెవిన పడగానే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే వైద్యం కూడా ఇంచుమించు ఒకటే. బకెట్లో వేణ్ణీళ్ళు పోసి గుప్పెడు కళ్ళుప్పు వేసి పాదాలు ముంచమంటారు. వావిలాకు మరిగించి కాపడం పెట్టమంటారు. బార్లీ నీళ్ళు తాగమంటారు, గలిజేరాకు పప్పులో వేసుకోమంటారు.

ఇందులో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కొన్ని హాయినిస్తాయి, అంతే. కొన్ని కొందరికి హాని చేస్తాయి. ఏది ఏమిటో తేల్చుకోవాలంటే ఆ నీరు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. ఒకరోజు వచ్చి మర్నాడు పోయే వాపు సంగతి వేరు. వారాలు గడిచినా పోనిది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది అయితే ఆకు పేరు కంటే ఈ ప్రశ్నే ముఖ్యం.

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్ వీధులు మునిగినప్పుడు ఎవరి గుమ్మంలో నీళ్ళు వాళ్ళు తోడిపోసుకుంటే ఏమీ ఒరగలేదు. ఎగువన బుడమేరు వాగుకు పడ్డ గండ్లు పూడితే తప్ప పల్లంలో నీరు తీయదని ఊరంతా కళ్ళారా చూసింది. ఒంట్లో చీలమండ అలాంటి పల్లం. గుండెలోనో, మూత్రపిండంలోనో, కాలేయంలోనో, పిక్కల్లోని సిరల్లోనో, చివరికి రోజూ వేసుకునే మాత్రలోనో గండి పడితే నీరు వచ్చి నిలిచేది మాత్రం ఇక్కడే.

నిలబడితే ఏమవుతుంది

గుండె నుంచి పాదాలకు రక్తం దిగడం తేలిక, తిరిగి ఎక్కడమే కష్టం. ఆ ఎక్కుడు పనికి సిరల్లో ఒకవైపే తెరుచుకునే కవాటాలు ఉంటాయి. వాటికి తోడు పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది సిరను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి పాదం దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం వరకూ ఉంటుంది. నడక మొదలుపెట్టిన కాసేపటికే అది 30కో, అంతకన్నా కిందికో వస్తుంది. అందుకే రోజంతా తిరిగే పోస్ట్‌మ్యాన్ కంటే రోజంతా ఒకేచోట నిలబడే సేల్స్ అమ్మాయికి వాపు ఎక్కువ. తిరగడం వల్ల కాళ్ళు వాచాయనుకుని మంచానికి అతుక్కుపోయేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే సగం మేలు.

ఒత్తిడి ఎక్కువసేపు దిగకపోతే సన్నని రక్తనాళాల గోడల్లోంచి నీరు కండలోకి ఊరుతుంది. కవాటాలు దెబ్బతింటే సిరలు మెలికలు తిరిగి బయటికి కనిపిస్తాయి, చీలమండ పైన చర్మం నల్లబారుతుంది, దురద పెడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఒళ్ళు చల్లబరచుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి కాబట్టి వాపు ఇంకాస్త పెరుగుతుంది. మే నెలలో వచ్చి, తొలకరి పడ్డాక తగ్గి, సంక్రాంతికి జాడ లేకుండా పోయే వాపైతే అది చాలావరకు ఎండకూ నిలబడటానికీ సంబంధించినదే. చలికాలంలోనూ వదలకపోతే ఆ సర్దిచెప్పుకోవడం ఇక కుదరదు.

ఇంట్లో చేసుకోగల మొదటి పరీక్షకు బొటనవేలు చాలు. చీలమండకు కొంచెం పైన, ముందువైపు ఎముక మీద పది సెకన్లు నొక్కి వదలాలి. గుంట పడి మెల్లగా నిండితే అక్కడ నీరు ఉన్నట్టు. నొక్కినా గుంట పడని వాపు థైరాయిడ్ తక్కువైనప్పుడో, బోదకాలు ముదిరినప్పుడో కనిపిస్తుంది. ఒంట్లో నీరు చేరే జబ్బుల్లో రెండు మూడు లీటర్లు అదనంగా నిలిస్తే గానీ ఈ గుంట కంటికి ఆనదు. ‘కొంచెం వాపే కదా’ అనేముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

బకెట్టూ, ఆకులూ, కషాయాలూ

ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ సంగతి ముందు. ఉప్పు చర్మంలోంచి నీటిని లాగేస్తుందన్న నమ్మకంతో ఈ పద్ధతి నడుస్తోంది. కానీ ఆరోగ్యంగా ఉన్న చర్మం అలా నీటిని వదలదు. మందుల షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్ వేసినా అంతే. వెచ్చదనం వల్ల అలసిన కండరాలకు సుఖంగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది. అది చిన్న మేలు కాదు. కానీ వేడి రక్తనాళాలను ఇంకా వెడల్పు చేస్తుంది, పైగా అరగంటసేపు కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోవడమే వాపుకు అనువైన భంగిమ. షుగర్ ఉన్నవాళ్ళకు ఇందులో పెద్ద ప్రమాదం ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు నీళ్ళు ఎంత కాగాయో తెలియదు. పొద్దున్నే బొబ్బలు చూసుకుంటారు, ఆ బొబ్బ పుండవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు బకెట్ జోలికి పోకపోవడమే మంచిది.

వావిలాకు కాపడం, ఆముదపాకు కట్టు, పసుపూ సున్నం కలిపిన పట్టు బెణుకులకూ కీళ్ళనొప్పులకూ పుట్టిన వైద్యాలు. మెట్టు దిగుతూ మడమ మడతపడితే వచ్చే వాపు వేరే జాతి. దానికి మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, బ్యాండేజీ, విశ్రాంతి చాలు. సిరల్లోంచి ఊరిన నీటికి ఈ పట్లు చేసేదేమీ లేదు.

కషాయాల దగ్గర కొంచెం ఆగాలి. బార్లీ, ధనియాలు, పల్లేరుకాయలు, గలిజేరు అన్నీ మూత్రం జారీ చేస్తాయన్న పేరున్నవే. ఆయుర్వేదంలో పునర్నవకు శోథఘ్ని అనే పేరు కూడా ఉంది, అంటే వాపును పోగొట్టేది. అది తరతరాల అనుభవంలోంచి వచ్చిన పేరు, తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. అయితే పునర్నవ అన్న పేరు మీద మన దగ్గర ఒకటి కంటే ఎక్కువ మొక్కలు చలామణీలో ఉన్నాయి. అటికమామిడిని కొందరు, గలిజేరును కొందరు అదే అంటారు. చేలగట్టున కోసుకొచ్చిన ఆకు ఏదో, అందులో మందు పాలు ఎంతో ఇంట్లో తూచడం కుదరదు. మోతాదు తెలిసిన ఆయుర్వేద వైద్యుడి చేతిలో పునర్నవ వేరు, పక్కింటివాళ్ళు ఇచ్చిన కట్ట వేరు.

ఇంకొక చిక్కు పొటాషియం. పునర్నవలోనూ, ‘చలవ చేస్తుంది’ అంటూ రోజుకు రెండు తాగే కొబ్బరిబోండాంలోనూ అది బాగా ఉంటుంది. మూత్రపిండాలు బాగున్నవాళ్ళకు అది మేలే. బాగా లేనివాళ్ళ రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. అక్కడ కాళ్ళవాపు కనిపించిన మనిషికి పరీక్ష లేకుండా కషాయం ఇవ్వడం మేలు కోరి చేసే కీడు. ఇక నీళ్ళ విషయంలో ‘నీరు పట్టింది కాబట్టి నీళ్ళు మానెయ్’ అనేవాళ్ళూ, ‘బాగా తాగితే అదే కొట్టుకుపోతుంది’ అనేవాళ్ళూ ఉంటారు. సిరల వల్ల వచ్చిన వాపుకు దాహం మేరకు తాగడమే సరి. గుండె, కిడ్నీ జబ్బుల్లో ఎన్ని లీటర్లన్నది డాక్టరు కొలిచి చెప్పాలి.

మందని ఎవరూ అనని మందులు

నిజంగా పనిచేసేవి ఎవరికీ వైద్యంలా అనిపించవు. అందుకే వాటికి ఓపిక పట్టరు.

మొదటిది కాళ్ళు పైకి పెట్టడం. చాలామంది కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద కాళ్ళు చాపి ‘రోజూ పెడుతున్నాను, తగ్గలేదు’ అంటారు. స్టూలు చాలదు. పాదాలు గుండె కంటే ఎత్తులో ఉంటేనే నీరు వెనక్కి జారుతుంది. వెల్లకిలా పడుకుని రెండు మూడు దిండ్ల మీద కాళ్ళు పెట్టుకోవాలి, లేదా గోడకు ఆనించాలి. 20 నుంచి 30 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు. దుకాణంలో పనిచేసేవాళ్ళకు పగలు కుదరదు కాబట్టి మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటే రాత్రంతా ఆ పని జరిగిపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు మాత్రం ఇది చేయకూడదు. ఆ ఆయాసమే డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెబుతోంది.

రెండోది పిక్కకు పని చెప్పడం. కౌంటరు వెనక నిలబడే మడమలు ఎత్తి దించడం, కూర్చున్నచోటే పాదాన్ని ముందుకూ వెనక్కూ ఆడించడం, అరగంటకోసారి నాలుగడుగులు వేయడం. గిరాకీ లేని మధ్యాహ్నం వేళ కూడా అమ్మాయిలను కూర్చోనివ్వని దుకాణాలు ఉన్నాయి. ఒక్క స్టూలు వేస్తే పోయే బాధకు మందులు మింగాల్సి రావడం అన్యాయం.

పిక్కలను బిగించి పట్టే సాగుడు మేజోళ్ళు, వేరికోస్ సాక్స్ అని అడిగితే ఇచ్చేవి, సిరల వాపుకు బాగా పనిచేస్తాయి. పొద్దున మంచం దిగకముందే, కాలు వాయకముందే తొడగాలి. సాయంత్రం వాచాక తొడిగితే ఎక్కవు, ఎక్కినా గాడులు పడతాయి. ఎండాకాలంలో వీటితో కష్టమే, నిజమే. అయినా పనిగంటల వరకైనా వేసుకుంటే తేడా తెలుస్తుంది. అయితే నడుస్తుంటే పిక్కలు పట్టేసేవాళ్ళు, చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు ముందు పాదంలో నాడి సరిగ్గా అందుతోందో లేదో చూపించుకోవాలి. రక్తం దిగడమే తక్కువగా ఉన్న కాలిని బిగిస్తే నష్టం.

మూడోది ఉప్పు తగ్గించడం. గుంటూరు భోజనం ముందు ఈ మాట ఎత్తడం కష్టం. కానీ దాటవేయడానికి లేదు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లో నీటికీ ఉప్పుకూ ఇంచుమించు అదే లెక్క. బయటికి పోని ప్రతి తొమ్మిది గ్రాముల ఉప్పూ తనతో లీటరు నీటిని పట్టుకుని కూర్చుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఎక్కువైన ఉప్పును ఒకటి రెండు రోజుల్లో పంపేస్తాయి. గుండె బలహీనమైనా, కిడ్నీ దెబ్బతిన్నా పంపలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే చిన్న చెంచాడు. కూర, పప్పు, చారు, పెరుగన్నంలోకి వేసుకునేదీ కలిపితేనే అది దాటిపోతుంది. ఆ పైన ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడం, వడియాలు, ఉప్పుచేప. ఆవకాయలో ఆవపిండికీ కారానికీ దాదాపు సమానంగా ఉప్పు పడుతుందని కలిపిన చేతికి తెలుసు. సాయంత్రం బండి మీది పునుగుల్లో వంటసోడా, కడుపు ఉబ్బరానికి తాగే పొంగు పొడి కూడా సోడియమే. నాలుకకు ఉప్పగా తగలవు కాబట్టి లెక్కలోకి రావు.

పచ్చళ్ళన్నీ మానేయమంటే ఎవరూ వినరు, ఒకరోజు మాని రెండో రోజు రెట్టింపు తింటారు. అంతకంటే నంజుకోవడాన్ని వారానికి రెండు రోజులకు కుదించుకోవడం, పెరుగన్నంలో ఉప్పు మానడం, అప్పడం బదులు కీరా ముక్కలు పెట్టుకోవడం నిలబడే పద్ధతులు. పుల్లదనం పెంచితే ఉప్పు తగ్గిన వెలితి తెలియదు. నిమ్మకాయ, చింతపండు, మామిడికాయ మన వంటింట్లో ఎప్పుడూ ఉండేవే. సైంధవ లవణం వాడితే పర్వాలేదనేది పొరపాటు, అందులోనూ ఉన్నది ముఖ్యంగా సోడియం క్లోరైడే. ‘తక్కువ సోడియం’ అని అమ్మే ఉప్పులో సోడియం కొంత తీసి పొటాషియం కలుపుతారు కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా అది వాడకూడదు.

మాత్రల అట్టలో ఉన్న గండి

వదలని వాపుకు ఎక్కువమంది ఊహించని కారణం రోజూ మింగే మాత్ర. బీపీకి విరివిగా రాసే ఎమ్లోడిపిన్ వాటిలో ముందుంటుంది. అది చిన్న ధమనులను వెడల్పు చేస్తుంది, ఆ ఒత్తిడికి చీలమండ దగ్గర నీరు ఊరుతుంది. మోతాదు 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెరిగితే వాపు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు. కాబట్టి మూత్రం జారీ చేసే మాత్రలతోనైనా, బార్లీతోనైనా పెద్దగా తగ్గదు. డాక్టరు మోతాదు తగ్గించినా, ఇంకో రకం బీపీ మందు జతచేసినా, మార్చినా తగ్గుతుంది. సొంతంగా ఆపేస్తే మాత్రం బీపీ పైకి ఎగబాకి పక్షవాతం దాకా పోవచ్చు. షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్, నరాల మంటకు వాడే ప్రెగాబలిన్, స్టెరాయిడ్లు కూడా కాళ్ళను ఉబ్బిస్తాయి.

అన్నిటికంటే గుట్టుగా సాగేది నొప్పుల బిళ్ళల కథ. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి చీటీ లేకుండానే తెచ్చుకుని నెలల తరబడి వేసుకునేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. ఆ బిళ్ళలు మూత్రపిండాల చేత ఉప్పునూ నీటినీ పట్టి ఉంచేలా చేస్తాయి. బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీకి ఎమ్లోడిపిన్ మోతాదు పెంచుతారు. చీలమండలు ఇంకా ఉబ్బుతాయి. వాపుకు ఇంకొకరు మూత్రం మాత్ర రాస్తారు. నొప్పి బిళ్ళ, మూత్రం మాత్ర రెండూ కలిసి కిడ్నీ మీద పడతాయి. ఒక్కో మాత్రా ఒక్కో చోట సరిగ్గానే రాసినట్టు కనిపిస్తుంది, అన్నీ కలిపి ఒకరు చూడకపోవడమే లోపం. కీళ్ళనొప్పులకని పొట్లాల్లో అమ్మే పేరులేని పొడుల మీదా అనుమానం ఉండాల్సిందే. రెండు రోజుల్లో నొప్పి మాయమై, నెలకు ముఖమూ కాళ్ళూ ఉబ్బితే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అలాంటిది అనుమానం వచ్చినా ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి ఆపాలి.

ఒక్క కాలా, రెండూనా

రెండు కాళ్ళూ సమానంగా వాస్తే గండి ఒంట్లోనో, మాత్రలోనో ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి పడుకుంటే దగ్గు, ఆయాసం వచ్చి దిండ్లు పెంచుకోవాల్సి వస్తుంటే గుండె. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బి, మూత్రం నురగ కడుతుంటే కిడ్నీ. పొట్ట కూడా ఉబ్బి కళ్ళు పచ్చబడితే కాలేయం. గర్భిణులకు చివరి నెలల్లో పాదాలు కొంత వాయడం మామూలే. కానీ 20 వారాలు దాటాక ఆ వాపు ముఖానికీ చేతులకూ పాకినా, తలనొప్పి, కళ్ళు మసకలు వచ్చినా, బీపీ 140/90కి చేరినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒక్క కాలే వాస్తే ఆలోచన మారాలి. ఉన్నట్టుండి పిక్క గట్టిపడి, నొప్పితో, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత, చాలారోజులు మంచం పట్టాక, సుదూర ప్రయాణం చేశాక ఇది వస్తుంది. అలాంటి కాలికి నూనె రాసి మర్దన చేయడం ఇళ్ళల్లో జరిగే అతి ప్రమాదకరమైన పని, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఎర్రగా మారి జ్వరంతో వాస్తే చర్మం కింద చీము పట్టే ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

కోస్తాలో పుట్టి పెరిగినవాళ్ళు బోదకాలును మరిచిపోకూడదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు శోషరస నాళాల్లో, అంటే కండలో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాల్లో చేరి, ఏళ్ళ తర్వాత కాలు ఉబ్బేదాకా బయటపడదు. ఊరంతటికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచేది దీనికోసమే. ఆ రోజు మాత్ర తీసుకుని గూట్లో పెట్టేసే అలవాటు పోవాలి. ఒకసారి వాచిన కాలికి మాత్రం ఇంటి వైద్యమే అసలు వైద్యం. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా ఒత్తి, ఒరుపులకూ పగుళ్ళకూ మందు రాసి, కాలు ఎత్తులో పెట్టి, చీలమండ ఆడించాలి. ఇలా చేసినవాళ్ళకు మాటిమాటికీ వచ్చే చలిజ్వరాలు తగ్గుతాయి, వాపు ముదరకుండా ఆగుతుంది. డాక్టర్లు కూడా రోగులకు నేర్పేది ఇదే.

ఆయాసం, నొప్పి, జ్వరం ఏవీ లేకుండా రెండు కాళ్ళూ సాయంత్రాలు మాత్రమే వాస్తున్నవాళ్ళు రెండు వారాలు ఇంట్లో ప్రయత్నించి చూడొచ్చు. అది ఊరికే గడిపే రెండు వారాలు కాకూడదు. ఒకే చోట, ఒకే వేళకు చీలమండ చుట్టూ టేపుతో కొలిచి రాసుకోవాలి. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. లీటరు నీరు చేరితే కిలో బరువు పెరుగుతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో కిలోకు పైగా, వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే రెండు వారాలు ఆగక్కర్లేదు. కొలత తగ్గుతుంటే కాళ్ళు ఎత్తడం, నడక, ఉప్పు తగ్గించడం అలాగే కొనసాగించవచ్చు. తగ్గకపోతే ఆ కాగితం, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, తాగుతున్న కషాయం పేరుతో సహా పట్టుకుని వెళ్ళాలి.

అక్కడ మొదట చేసేవి పెద్ద ఖర్చు పరీక్షలు కావు. బీపీ చూస్తారు, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే జారిపోయే ప్రొటీన్), రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) చూస్తారు, అవసరమనిపిస్తే ఈసీజీ తీస్తారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఇవన్నీ ఉన్నాయి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చిన్న పట్టీ ముంచి చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఆర్నెల్లుగా వేణ్ణీళ్ళు కాస్తున్న ఇంట్లో ఎవరైనా ఉంటే ముందుగా చేయించాల్సింది ఈ ఒక్క పరీక్షే.